కరువులో విశ్వాసం: ఒక నైతిక పరిశీలన

ఆపదలో దైవాన్ని ఆశ్రయించడం విశ్వాసమా, అవసరమా అన్న ప్రశ్న తెలుగునేలపై 1876–78 నాటి ధాత కరువులో తీవ్రరూపం దాల్చింది. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని గుత్తకు తీసుకొని, కరువు బాధితులకు కూలిపని కల్పించాడు. తిండి కోసం మతం మారారన్న అపవాదుకు తావివ్వరాదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు నిలిపివేశాడు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వీరిలో అత్యధికులు మాదిగలు.

క్లౌ నిర్ణయం సాయాన్ని మతస్వీకారం నుండి వేరుచేసింది. ఆకలిని విశ్వాసం నుండి వేరుచేయడం దానికి సాధ్యం కాదు, అవసరమూ లేదు. క్రీస్తు నేర్పిన ప్రార్థనలోనే దైవనామ మహిమతోపాటు అనుదినాహారమూ చోటుచేసుకుంది. కడుపు నిండినవాని భక్తికి ఎవరూ కారణం అడగరు. ఆకలిగొన్న అస్పృశ్యుడు మాత్రం తన భక్తి నిష్కామమని నిరూపించుకోవలసి వస్తుంది. ఈ అసమానత గుర్తించదగినది. అన్నానికి విశ్వాసాన్ని షరతుగా పెట్టడం ఎంత అనైతికమో, అన్నం కోరినంత మాత్రాన విశ్వాసాన్ని శంకించడమూ అంతే అన్యాయం.