ఫోన్ చేతికిచ్చాం, ప్రజ్ఞ ఎవరిస్తారు?





రాబోయే రోజుల్లో చదువంతా ఫోన్లోనే అంటున్నారు. ఆ ఫోన్ వల్లే పిల్లలు చెడిపోతున్నారనీ అంటున్నారు. మన ఇళ్ళల్లో రెండు మాటలూ వినబడతాయి. పొద్దున "క్లాసుంది, ఫోన్ ఇవ్వమ్మా" అంటే ఇస్తాం. రాత్రికి అదే ఫోన్ లాక్కుని తిడతాం. ఈ రెంటికీ నడుమ మధ్యమ మార్గం ఏది? ధమ్మం స్వీకరించినవాళ్ళం గనక నిదానంగా ఆలోచిద్దాం.

ముందు ఒక సంగతి మరిచిపోకండి. చదువు మనకు ఊరికే రాలేదు. బాలుడైన భీమ్‌రావు ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద, మిగతా పిల్లలకు దూరంగా కూర్చుని చదువుకున్నాడు. దాహమేస్తే కుళాయి ముట్టుకోనివ్వలేదు. ప్యూను వచ్చి తిప్పితేనే నీళ్ళు. ఆయనే పెద్దయ్యాక తన పుస్తకాల కోసం ముంబైలో రాజగృహ కట్టుకున్నారు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించి మన పిల్లలకు కాలేజీ తలుపులు తెరిచారు. ఈరోజు ఆయన రచనల సంపుటాలు ఇంగ్లిష్‌లో ఫోన్లోనే ఉచితంగా దొరుకుతున్నాయి. "నువ్వెవరి పిల్లాడివి?" అని అడిగి అడ్డం నిలబడేవాడు అక్కడ లేడు. ఇది చిన్న విషయం కాదు. కాబట్టి ఫోన్ చెడ్డదని మనం ఒక్క మాటతో కొట్టిపారేయలేం.

మరి ఫోన్లో దొరికేదంతా ప్రజ్ఞేనా?

బౌద్ధంలో ప్రజ్ఞను మూడు విధాలుగా చెప్పారు. విని తెలుసుకున్నది సుతమయ ప్రజ్ఞ. సొంతంగా ఆలోచించి తేల్చుకున్నది చింతామయ ప్రజ్ఞ. సాధనతో తనది చేసుకున్నది భావనామయ ప్రజ్ఞ. ఆ కాలంలో భిక్ఖువులు ధమ్మాన్ని విని, కంఠస్థం చేసి నిలబెట్టారు. అందుకే పాళీలో బాగా చదువుకున్నవాణ్ణి 'బహుస్సుతుడు' అంటారు, అంటే చాలా విన్నవాడు. ఆ లెక్కన చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్న ప్రతివాడూ బహుస్సుతుడే! కానీ ఫోన్ ఎక్కించేది మొదటి మెట్టు. మిగతా రెండు మెట్లూ మన కాళ్ళతో మనమే ఎక్కాలి.

మీ అమ్మాయి వడ్డీ లెక్కల పాఠం ఫోన్లో చూసిందనుకోండి. అది వినడం. వీడియో ఆపి, నోటుబుక్కులో తానే లెక్క చేసి, తప్పెక్కడ పోయిందో వెతుక్కుంటే అది ఆలోచన. రేపు వాళ్ళమ్మ డ్వాక్రా అప్పు పాసుబుక్కు తెచ్చి "చూడవే, వడ్డీ సరిగ్గా వేశారా?" అంటే చూసి చెప్పగలిగితే ఆ చదువు ఆమెదైంది. పది వీడియోలు చూసి ఒక్క లెక్కా చేయకపోతే విన్నది విన్నట్టే పోతుంది.

ఇక వాట్సాప్‌లో వచ్చేవాటి సంగతి. కేసపుత్తంలో కాలాములు బుద్ధుణ్ణి అడిగారు: వచ్చిన ప్రతి గురువూ తనదే నిజమంటున్నాడు, ఎవర్ని నమ్మాలి? పదిమంది అంటున్నారనో, గ్రంథంలో ఉందనో, చెప్పినవాడు మన గురువనో నమ్మొద్దు, మేలో కీడో మీరే పరీక్షించుకోండి అన్నది భగవానుడి జవాబు సారాంశం. మనవాడు పంపినా, కింద బాబాసాహెబ్ బొమ్మ ఉన్నా ఇదే పరీక్ష. ఆయన అనని మాటకు ఆయన పేరు తగిలించి పంచితే అది ప్రచారం కాదు, ముసావాదం, అబద్ధం. నాలుగో శీలం తప్పినట్టే.

ఐదో శీలం కూడా గుర్తు చేసుకోండి. మత్తు ఎందుకు వద్దన్నారు? పమాదానికి, ఏమరుపాటుకు దారి తీస్తుంది గనక. అర్ధరాత్రి దాకా బొటనవేలితో తెర జరుపుతూ కూర్చోవడం ఏమరుపాటు కాదా? పిల్లల్ని అడిగే ముందు మనల్ని మనం అడుగుదాం.

చివరిగా అసలు ప్రశ్న. ఇంట్లో ఒక్కటే ఫోన్ ఉంటే ముందు ఎవరి చేతికి ఇస్తున్నాం? 2020లో కరోనాతో బడులు మూతపడి పాఠాలు టీవీలోకి, ఫోన్లోకి వచ్చినప్పుడు ఈ ప్రశ్న ఎన్నో ఇళ్ళ తలుపు తట్టింది. కొడుకు వాడుకున్నాక, అంట్లు తోమడం అయ్యాక, ఛార్జింగ్ మిగిలితే కూతురికి! కేరళలో ఒక కాలేజీ హాస్టల్లో ఆడపిల్లలు సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోన్ వాడకూడదన్నారు. ఒప్పుకోని బి.ఏ. విద్యార్థినిని వెళ్ళగొట్టారు. ఆ పిల్ల కోర్టుకెళ్ళింది. ఇంటర్నెట్ అందుకోవడం విద్యా హక్కులో భాగమని 2019లో కేరళ హైకోర్టు తీర్పిచ్చి, ఆమెను తిరిగి చేర్చుకోమంది.

మన ఇంట్లో కోర్టు లేదు. తీర్పు చెప్పాల్సింది మనమే. ఒకనాడు చదువు మనకు అందకుండా చేసినవాళ్ళను తప్పుపట్టే మనం, ఇంట్లో కూతురికి అదే చేస్తే ఏ ముఖంతో పంచశీల చెబుతాం?

22 ప్రతిజ్ఞల్లో ప్రజ్ఞ, శీలం, కరుణ మూడూ కలిపి చెప్పుకున్నాం. ఫోన్లో విన్నదాన్ని పరీక్షించడం ప్రజ్ఞ. ఏమరుపాటుకు, అబద్ధానికి వాడకపోవడం శీలం. అందనివాళ్ళకు అందించడం కరుణ. ఈ ఆదివారం విహారానికి వచ్చేటప్పుడు పక్కింటి ఫోన్ లేని బిడ్డను కూడా వెంటబెట్టుకు రండి. ఒక పాఠం కలిసి చూద్దాం. తర్వాత ఫోన్ పక్కనపెట్టి మాట్లాడుకుందాం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.