షెడ్డులో హెరాల్డ్, పల్లకిలో స్వామి

ఆళ్లగడ్డ శిల్పి ఉలి కింద నల్లరాయి విగ్రహంగా మారాక దానికి కాలంతో పెద్దగా పేచీ ఉండదు. గర్భగుడిలో నిలబెడితే తరాల తరబడి నిలబడే ఉంటుంది. పాత కారును కూడా మనం అదే కంటితో చూస్తాం. ‘తాతగారి కారు, ముప్పై ఏళ్లుగా షెడ్డులో భద్రంగా ఉంది’ అంటాం. ఆ ‘భద్రం’ అన్న మాటతోనే నాకు పేచీ. నిలిచిపోయిన యంత్రం మన కంటికి కనపడని చోట రోజూ కొంచెం కొంచెంగా పాడవుతూనే ఉంటుంది. అలాంటి బండిని కొనేవాడు దాన్ని మళ్లీ రోడ్డు మీద నడిపించే పూచీని కూడా నెత్తికెత్తుకుంటున్నాడు. ఆ పూచీ వద్దనుకునేవాడు దాన్ని కొనకపోవడమే మేలు.

పాత స్పోర్ట్స్ కారు మీద మనసు పడినా, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు అసలైనది కనపడటం అరుదు. దిగుమతులకు తలుపులు మూసిన కాలంలో మనవాళ్లకు దొరికినవి అంబాసిడర్, ఫియట్, వాటి తర్వాత స్టాండర్డ్ హెరాల్డ్. స్పోర్ట్స్ కారుకు దగ్గరి చుట్టం ఈ మూడోదే. మద్రాసులోని స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి దీన్ని తయారుచేసింది. రూపం గీసినవాడు ఇటలీకి చెందిన మికెలోటి. మొదట్లో రెండు తలుపులు, 948 సీసీ ఇంజను. బ్రిటన్‌లో ట్రయంఫ్ కంపెనీ ఇదే ఛాసీని కురచ చేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును తెచ్చింది. హెరాల్డ్ బానెట్ మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు వాలుతుంది. ముందు టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. ఎవరి చెయ్యి పడినా లొంగే బండి, అందుకే దీన్ని మూలన పడేసి ఉంచడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

సముద్రపు గాలికి రేకు తుప్పు పడుతుంది. నంద్యాల పొడి ఎండలో ఆ బెడద తక్కువ. కాబట్టి ఇక్కడి బండి దుమ్ము దులిపితే చాలు కళకళలాడుతుంది, కొనేవాడు మోసపోయేది కూడా అక్కడే. నలభై డిగ్రీలు దాటే వేసవులు రబ్బరును పెళుసు చేస్తాయి. గొట్టాలు బీటలు వారతాయి, సీళ్లు గట్టిపడతాయి, ఒకే చోట బరువు మోసిన టైర్లు వంకర తిరుగుతాయి. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని చెమ్మను పీల్చుకునే గుణం ఉంది, ఆ చెమ్మ సిలిండర్లలో తుప్పు పుట్టించి పిస్టన్లను బిగించేస్తుంది. పెట్రోలు ఆవిరై మిగిలిన జిగురు కార్బురేటర్ జెట్లలో గడ్డకడుతుంది. ఇంజను ఆగిన క్షణంలో ఏ సిలిండరు వాల్వు తెరుచుకుని ఉంటే అందులోకి తేమ దిగి రింగులు గోడలకు అంటుకుంటాయి. మెకానిక్కులు ‘పట్టేసింది’ అనేది దీన్నే. అయినా కొన్నవాడు మొదట చేసే పని కొత్త బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొట్టడం. నూనె ఏనాడో కిందికి జారిపోయిన బేరింగుల మీద ఇనుము ఇనుమును గీస్తుంది, ముప్పై ఏళ్లలో జరగని నష్టం ముప్పై సెకన్లలో జరుగుతుంది. ముందు ప్లగ్గులు విప్పాలి. ఒక్కో సిలిండరులో కాస్త నూనె పోసి రెండు మూడు రోజులు నాననివ్వాలి. తర్వాత ఇంజనును చేత్తో తిప్పి చూడాలి. తిరిగితే పాత ఆయిలు మార్చాలి, ట్యాంకు కడిగించాలి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్‌తో తిప్పి ఆయిలు పైకి ఎక్కిందని తేల్చుకోవాలి. పెయింటు, సీటు కవర్ల ముచ్చట ఇవన్నీ అయ్యాకే. బ్రేకు వేస్తే ఆగుతుందన్న నమ్మకం కుదరని బండికి రంగు వేయించేవారంటే నాకు కోపం వస్తుంది.

నడిపితే అరిగిపోదా, పోయిన అసలు భాగం మళ్లీ వస్తుందా అని అడిగేవారున్నారు. వారిది చులకన చేయదగిన మాట కాదు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి నిజాం రోల్స్‌రాయిస్ లాంటిది ఒక్కటే ఉంటుంది, దాన్ని రోడ్డెక్కించమని నేనూ అనను. కానీ ఆళ్లగడ్డ పక్కనే అహోబిలం ఉంది. అక్కడ మూలవిరాట్టు కొండ దిగదు. ఉత్సవమూర్తి మాత్రం సంక్రాంతి రోజుల్లో పారువేట ఉత్సవానికి బయలుదేరి, నలభై రోజులకు పైగా పల్లకిలో ఊరూరూ తిరుగుతుంది. ఎండ తగులుతుందని, కుదుపుకు అరుగుతుందని ఎవరూ ఆ యాత్ర ఆపరు, తిరగడం కోసమే ఆ మూర్తి ఉంది. వేలల్లో తయారైన హెరాల్డ్ ఈ రెండో కోవలోది. బ్రేకు లైనింగు, సీళ్లు, గొట్టాలు అరిగి మారడానికే పుట్టాయి. ట్రయంఫ్ అభిమానుల పుణ్యమా అని వాటిలో చాలావాటిని బ్రిటన్‌లో ఇంకా తయారుచేస్తున్నారు, కొన్నింటిని లేత్ మీద చేయించుకోవచ్చు.

ఖర్చు సంగతి వేరు. కొన్న ధరకంటే బాగుచేత ఖర్చే ఎక్కువ కావచ్చు, దానికి లాభనష్టాల లెక్కలో సమాధానం లేదు. 2025 నాటికి దేశమంతటా వచ్చిన ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుకు పాత రబ్బరు గొట్టాలు తట్టుకోవు కాబట్టి వాటినీ మార్చాల్సిందే. పాత బండిని నడపాలన్న విషయంలో చట్టం మాత్రం నా వైపే ఉందనిపిస్తుంది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండిని 2021 నిబంధనలు వింటేజ్‌గా గుర్తిస్తాయి, నంబరులో ‘వీఏ’ అక్షరాలు ఇస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. రోజువారీ తిరుగుడుకు ఒప్పుకోవు గానీ ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి రోడ్డెక్కనిస్తాయి.

అంత దూరం వచ్చిన బండికి నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా ఉన్న నలభై కిలోమీటర్ల రోడ్డు మంచి పరీక్ష. పొద్దు పొడవకముందే, నెమ్మదిగా బయలుదేరాలి. దారిలో శిరివెళ్ల దగ్గర ఆపి నాలుగు చక్రాల బొడ్డుల దగ్గరా చెయ్యి పెట్టి చూడాలి. ఒకటి మిగతా మూడింటికంటే వేడిగా ఉంటే, ఆ చక్రానికి బ్రేకు ఇంకా పూర్తిగా వదలలేదు.