సవరణకు హద్దు ఏది?

ఒప్పు అనేది అందరికీ ఒకేచోట నిలిచే బిందువా, మనిషినీ సందర్భాన్నీ బట్టి జరిగేదా అన్నది నీతిశాస్త్రంలో పాత ప్రశ్న. క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ 'నికోమాకియన్ ఎథిక్స్' రెండో భాగంలో, రెండు కొసలకూ సమదూరంలో ఉండి అందరికీ ఒకటే అయిన మధ్యమాన్నీ, ఎక్కువతక్కువలు లేకుండా ఎవరికి తగినట్టు వారికి అమరే మధ్యమాన్నీ వేరుచేసి, సద్గుణం రెండో కోవకు చెందుతుందన్నాడు. మనిషి తన మొగ్గు ఎటో గుర్తించి, వంకర కర్రను సరిచేసేవారిలా దానికి ఎదురుదిక్కుకు లాగాలని కూడా సూచించాడు.

కారు చక్రాల అమరిక ఈ సూత్రాన్ని కంటికి కట్టిస్తుంది. ముందునుంచి చూసినప్పుడు చక్రం నిలువుకు ఎంత వాలి ఉందో తెలిపే కోణాన్ని క్యాంబర్ అంటారు. మలుపులో బండి ఒరిగితే బయటివైపు చక్రం పైభాగం వెలుపలికి వాలి, బరువంతా టైరు అంచుమీద పడుతుంది గనుక, పందెపు కార్లలో దాన్ని ముందే లోపలికి వాల్చి ఉంచుతారు. స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకే స్తంభంగా కలిసిన మాక్‌ఫర్సన్ స్ట్రట్ అమరికలో చాలా కార్లకు ఈ కోణం మార్చే వీలుండదు. అందుకే కొందరు స్ట్రట్ పైకొనను బాడీకి బిగించే మౌంటు రంధ్రాలను ఆకురాయితో రాకి కోలగా చేస్తారు. కింది కీలు నుంచి మౌంటు దాకా 60 సెంటీమీటర్లుంటే, పైకొనను 1 సెంటీమీటరు లోపలికి జరిపినప్పుడు కోణం దాదాపు 1 డిగ్రీ మారుతుంది.

సందర్భాన్ని బట్టి మారేదైతే ఇక తప్పనేదే లేదన్న వాదం ఇక్కడ నిలవదు. వాలు మితిమీరితే తిన్నని రోడ్డుమీద టైరు లోపలి అంచు అరిగిపోతుంది. క్యాంబర్‌తోపాటు, ఎడమ కుడి చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో ఎంత తిరిగాయో తెలిపే టో కూడా మారుతుంది కనుక దాన్నీ మళ్లీ సరిచేయాలి. రంధ్రం మరీ పెద్దదైతే చుట్టూ ఉన్న రేకు బలం తగ్గుతుంది. నట్టు వదులైతే మౌంటు జారి కోణం దానంతటదే మారుతుంది. తగిన కొలత సాపేక్షమే గాని ఇష్టానుసారం కాదు.

మహాభారతం శాంతిపర్వంలోని ఆపద్ధర్మ భాగం కూడా కష్టకాలంలో నియమాన్ని సడలిస్తుందే గాని, ఆ సడలింపును సుఖకాలానికి హక్కుగా ఇవ్వదు. రంధ్రం గుండ్రంగా ఉన్నంతకాలం కోణానికి జవాబుదారీ తయారీదారుది. దాన్ని కోలగా చేశాక, అరిగే టైరుకు జవాబు చెప్పవలసింది ఆకురాయి పట్టినవాడే. నియమాన్ని సవరించుకొనే స్వేచ్ఛ కోరేవారు, ఫలితం చెడ్డప్పుడు ఆ నియమాన్నే సాకుగా చూపే వీలును వదులుకోక తప్పదు.