పనికి పంపిన పిల్లవాడు దారిలో ఆగితే...

నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఇళ్ళను మీలో చాలామంది చూసే ఉంటారు. అమ్మీ ఒడిలో చాట, పక్కన తడిపిన తునికాకు. కత్తిరించగా రాలిన ఆకు ముక్కలతో నాలుగేళ్ళ పాప రొట్టెలు చేసి బొమ్మకు తినిపిస్తుంటుంది. ఆరేళ్ళ అన్న కొట్టుకెళ్ళి చక్కెర తెచ్చి, చిల్లర లెక్క అప్పజెబుతాడు. మగ్రిబ్ అజాన్ వినబడగానే దాదీ వుజూకు చెంబుతో నీళ్ళు పెడతాడు. పేదింట్లో పిల్లలు నేర్చుకునేదేముంటుందని చదువుకున్నవారు కొందరు అంటుంటారు. నాకది తొందరపాటు మాటగా తోస్తుంది. ఆ రెండు గదుల్లో లెక్కలున్నాయి, ఆటలున్నాయి, పెద్దల పట్ల మర్యాద ఉంది.

అయితే ఆ పాప చేతికి కత్తెర ఎప్పుడు వస్తుంది? ఫలానా రోజున ఇద్దామని ఎవరూ అనుకోరు. మొదట దారం అందించమంటారు. తర్వాత కట్టకు ఇరవై అయిదు చొప్పున లెక్కపెట్టమంటారు. లెక్కలు వస్తున్నాయి కదా అని మనమూ సంతోషిస్తాం. పదేళ్ళు వచ్చేసరికి బీడీల మూతులు మలిచే పని ఆమెదైపోతుంది. (అన్న మాత్రం చక్కెర ఇచ్చేసి వీధిలో ఆటకు వెళ్ళిపోతాడు. ఈ తేడా గురించి మనం ఇళ్ళలో మాట్లాడుకోము.)

1986 నాటి బాలకార్మిక చట్టం బీడీల తయారీలో పిల్లలను పెట్టరాదన్నా, ఇంట్లో కుటుంబంతో కలసి చేసే పనిని మినహాయించింది. 2016 సవరణ ఆ సాయానికి కూడా హద్దు పెట్టింది. పని హానికరం కానిదై ఉండాలి, బడివేళల తర్వాతో సెలవుల్లోనో చేయాలి. తంబాకు దుమ్ము పసివాళ్ళ ఊపిరికి మంచిది కాదని వేరే చెప్పనక్కర్లేదు. కానీ నాలుగు గోడల మధ్య జరిగేది అధికారి కంటబడదు. అల్లాహ్ చూస్తున్నాడు.

హజ్రత్ అనస్ (రజి) పదేళ్ళ ప్రాయంలో దైవప్రవక్త (స) సేవకు వచ్చారు. ఒకసారి ఆయన (స) ఏదో పనిమీద పంపితే, బజారులో ఆడుకుంటున్న పిల్లల దగ్గర ఆగిపోయారు. ఎవరో వెనకనుంచి మెడ పట్టుకున్నారు. తిరిగి చూస్తే దైవప్రవక్త (స), నవ్వుతూ! చెప్పిన చోటికి వెళ్ళావా అని ముద్దుపేరుతో పిలిచి అడిగారు. ఇదిగో వెళుతున్నానన్నారు అనస్ (రజి). అన్నేళ్ళ సేవలో ఆయన (స) ఒక్కసారీ విసుక్కోలేదని అనస్ (రజి) స్వయంగా చెప్పుకున్నారు.

గమనించండి, పిల్లవాడికి పని చెప్పారు. ఆ పని అతని ఆట కోసం కాసేపు ఆగింది కూడా. మన ఇంట్లో పిల్ల చేయి ఆగితే ఏమవుతుంది? చాయ్ ఆలస్యమైతే అది సాయమే. వారం కూలి తగ్గితే మాత్రం ఇంటి బరువు ఆ పిల్ల మెడ మీద ఉన్నట్టే.

తల్లినొక్కదాన్నే తప్పుపట్టడం అన్యాయం. ఇచ్చిన ఆకు నాసిరకమైనా అప్పగించవలసిన బీడీల లెక్క తగ్గదు. తండ్రి సంపాదన ఎటు పోతోందో, రమజానులో జకాత్ పంచే మొహల్లా పెద్దలకు ఈ ఇల్లు గుర్తుందో లేదో కూడా అడగాలి.

నాకు తెలిసిన ఒక అమ్మీ, కూతురు మక్తబ్ నుంచి రాగానే కత్తెర తీసి అటక మీద పెట్టేస్తుంది. నష్టం కాదా అని అడిగాను. "కొన్ని కట్టలు తగ్గుతాయి భాయ్‌సాబ్" అంది. బయట కూతురు తొక్కుడుబిళ్ళ ఆడుతోంది.