కాత్యాయని వాటా

బృహదారణ్యకోపనిషత్తులోని మైత్రేయీ బ్రాహ్మణం తలపుకు రాగానే మనకు అరణ్యం, ఆశ్రమం, అమృతత్వం గుర్తుకొస్తాయి. కానీ ఆ ఘట్టం మొదలయ్యేది ఆస్తి పంపకంతో. యాజ్ఞవల్క్యుడికి ఇద్దరు భార్యలు, మైత్రేయి, కాత్యాయని. ఆయన ఇల్లు విడిచి వెళ్లదలచుకున్నాడు. మైత్రేయిని పిలిచి, నీకూ కాత్యాయనికీ మధ్య లెక్క తేల్చి వెళ్తానన్నాడు. ఉపనిషత్తు ఈ సంభాషణను రెండో అధ్యాయంలో ఒకసారి, నాలుగో అధ్యాయంలో మరోసారి చెప్పింది. రెండుచోట్లా ఆత్మవిద్య పంపకం మాటతోనే మొదలైంది.

ఆయన ఆస్తి చిన్నదేమీ కాదు. జనకుడు తన యజ్ఞశాలలో వెయ్యి ఆవుల్ని నిలిపి, ఒక్కో ఆవు కొమ్ములకు పది పాదాల తూకం బంగారం కట్టించి, మీలో బ్రహ్మిష్ఠుడైనవాడు తోలుకుపోవచ్చు అన్నప్పుడు, వాదం మొదలుకాక ముందే శిష్యుణ్ణి పిలిచి ఆవుల్ని ఇంటికి తోలించినవాడు యాజ్ఞవల్క్యుడు. నువ్వేనా అంతటివాడివి అని సభ నిలదీస్తే, తనకు కావలసింది ఆవులేనని దాపరికం లేకుండా చెప్పాడు. కోరికను అంత నిక్కచ్చిగా ఒప్పుకున్న మనిషే తర్వాత అన్నీ విడిచాడు. విడవబోయే ముందు ఎవరిది ఎంతో తేల్చదలచాడు. ఈ వరుసను గట్టిగా పట్టుకోవాలి. ముందు లెక్క, ఆ తర్వాత వైరాగ్యం. మన ఇళ్లలో చాలాసార్లు ఇది తిరగబడుతుంది.

మా ఉమ్మడి ప్రకాశం పడమటి వైపు సంగతే చూడండి. 1970లో కర్నూలు నుంచి విడదీసి అప్పటి కొత్త జిల్లాలో కలిపిన మార్కాపురం, గిద్దలూరు, కంభం సీమ ఇది. నల్లమల పక్కనే ఉన్నా నేలకు నీటి కరువు. కంది, మిరప, పత్తి, పొగాకు అన్నీ వాన మీదో బోరు మీదో బతకాలి. అందుకే ఇక్కడ పది ఎకరాలను రెండు అయిదులుగా కోస్తే పంపకం అయినట్టు కాదు. నీళ్లు పడ్డ బోరు ఏ ముక్కలో ఉంది, బావిలో ఎవరికి ఎన్ని రోజుల వంతు, రేగడి ఎవరికి, రాళ్ల నేల ఎవరికి, వెనక చేనుకు దారి ఏ గట్టు మీదుగా, కల్లం ఎవరిది, గడ్డివాము దొడ్డి ఎవరిది, ఇవన్నీ తేలాలి. పెద్దమనుషులు అరుగు మీద కూర్చుంటారు. పెద్దవాడు భాగాలు వేస్తే చిన్నవాడు ముందు కోరుకుంటాడు. లేదా చీట్లు వేసి చిన్నపిల్లవాడి చేత తీయిస్తారు. భాగాలు వేసినవాడికి ఏ భాగం దక్కుతుందో తెలియకపోవడంలోనే ఆ పద్ధతి న్యాయమంతా ఉంది. పారీఖత్తు రాసుకోవడం ఆ తర్వాతి మాట.

ఒక తల్లి బిడ్డలయితే ఇంతటితో ఒడ్డెక్కుతారు. ఇద్దరు తల్లుల బిడ్డలున్న ఇంట్లో అసలు తగవు ఇక్కడ మొదలవుతుంది. పెద్దామె పోయాక రైతు మారుమనువు చేసుకుంటాడు. పెద్దామె కొడుకులు అప్పటికే నాగలి పట్టిన వయసువాళ్లు, బోరు అప్పు తీర్చింది తమ చెమటేనంటారు. చిన్నామె పిల్లలు ఇంకా బడిలో ఉంటారు. చిన్నామె మొదటి భర్త పోయి వచ్చినదైతే, ఆమె చెయ్యి పట్టుకుని వచ్చిన బిడ్డ ఒకడు ఆ ఇంట్లోనే పెరిగి ఉంటాడు. అరుగు మీద మాట నడుస్తుంటే ఆ బిడ్డ గొడ్లకు నీళ్లు పెడుతూ ఉంటాడు. అతణ్ణి రమ్మని ఎవరూ పిలవరు.

ఇలాంటి ఇళ్ల గురించి శాస్త్రం చాలా ఆలోచించింది. వాటాల న్యాయానికి మూలమైన స్మృతి కూడా యాజ్ఞవల్క్యుడి పేరు మీదే ఉంది. చరిత్రకారులు ఆ స్మృతిని ఉపనిషత్తు కంటే ఎన్నో శతాబ్దాల తర్వాతిదిగా లెక్కిస్తారు. అయినా సూర్యుని నుంచి ఆరణ్యకాన్ని పొందినవాడు తానేనని ఆ స్మృతి కర్త చెప్పుకున్నాడు. ఆత్మను ఎరిగినవాడికే గట్టు తగవు తీర్చే అధికారం ఉందని మన పెద్దలు నమ్మారన్నమాట. ఆ స్మృతికి కళ్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే వ్యాఖ్యానం రాస్తే, పదమూడో శతాబ్దంలో తిక్కన శిష్యుడు కేతన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఏడు వందల ఏళ్ల కిందటే మనకు దాయభాగం తెలుగులో ఉంది.

తల్లుల లెక్కన పంచాలా, బిడ్డల లెక్కన పంచాలా అన్నది ఆ గ్రంథాల్లో పాత ప్రశ్న. తల్లుల లెక్కన పంచడాన్ని పత్నీభాగం అన్నారు. పెద్దామెకు ఒక్కడే కొడుకు, చిన్నామెకు నలుగురు ఉంటే, ఆస్తిని ముందు రెండు సగాలు చేయడం ఆ పద్ధతి. కొన్ని కుటుంబాల్లో ఆచారంగా నడిచింది కానీ, సాధారణ న్యాయం బిడ్డల లెక్కనే నిలిచింది. 1949లో మద్రాసు రాష్ట్రం, 1955లో దేశమంతా హిందువులకు భార్య బతికుండగా రెండో పెళ్లిని నిషేధించాయి. 1956 వారసత్వ చట్టం వీలునామా లేకుండా పోయినవాడి ఆస్తిలో కొడుకు, కూతురు, భార్య, తల్లి తలా ఒక వాటాకు హక్కుదారులన్నది. బిడ్డ ఏ తల్లి కడుపున పుట్టినా వాటాలో తేడా లేదు. పెద్దామె బతికుండగా చేసుకున్న మనువు చెల్లకపోయినా, ఆ బిడ్డలు తండ్రి వాటాలో భాగస్థులేనని 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తేల్చింది. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కును ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచే ఇచ్చింది, అప్పటికి పెళ్లయిన వాళ్లను మినహాయించి. దేశమంతటికీ, పెళ్లయిందా లేదా అన్న తేడా లేకుండా, ఆ హక్కు వచ్చింది 2005లో.

చట్టం ఇంత తేటగా చెప్పాక ఇక ఆధ్యాత్మికతకు పని ఏమిటని అడగవచ్చు. పని ఉంది. అరుగు మీద చట్టాన్ని పక్కకు నెట్టడానికి ఎక్కువగా వాడేది ఆధ్యాత్మికతనే. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లతో పెద్దమనిషి మెత్తగా అంటాడు: "అమ్మాయ్, పోయేటప్పుడు ఏం కట్టుకుపోతాం? అన్నదమ్ముల్ని దూరం చేసుకోకు. ఆ హక్కు విడుదల కాగితం మీద సంతకం పెట్టేయ్." రెండో భార్యతో అంటారు: "నీకెందుకు తల్లీ ఈ జంజాటం, కృష్ణా రామా అనుకుంటూ కూర్చో, పిల్లలు చూసుకోరా?" ఆస్తి మాయ అన్న మాట ఎప్పుడూ బలం లేనివాళ్ల వైపే నడుస్తుంది. బోరున్న ముక్క కోరుకునేవాడితో ఆ మాట అన్న పెద్దమనిషిని నేను చూడలేదు.

నా వరకు ఇది అధర్మం. వైరాగ్యం ఎవరికైనా తన వాటా మీదనే సాధ్యం. ఎదుటివాడి వాటా విషయంలో మనకున్నది ధర్మం ఒక్కటే, కొలిచి ఇవ్వడం. నాది అన్నదాన్ని వదులుకోవడం సాధన. నీది అన్నదాన్ని నీచేత వదిలించడం దొంగతనం, దానికి వేదాంతం తొడుగు వేస్తే పాపం ఇంకా బరువెక్కుతుంది.

ఉపనిషత్తు దగ్గరకు మళ్లీ వెళితే ఇదే కనిపిస్తుంది. యాజ్ఞవల్క్యుడు మైత్రేయితో నీకు ఆస్తి వద్దులే, జ్ఞానం తీసుకో అనలేదు. వాటా చూపించాడు. అప్పుడు ఆమే అడిగింది, ధనంతో నిండిన భూమి అంతా నాదైతే నేను అమృతత్వం పొందుతానా అని. లేదు, ఉన్నవాళ్ల బతుకు ఎలా ఉంటుందో నీ బతుకూ అలాగే ఉంటుంది అని ఆయన నిజం చెప్పాడు. వద్దన్నది ఆమె. ఆ వద్దు అనడానికి ముందు ఆమె చేతిలో వాటా ఉంది. చేతిలో ఏమీ పెట్టకుండా వదులుకోమనడాన్ని త్యాగమని పిలవలేం.

కాత్యాయనిని చాలామంది చిన్నచూపు చూస్తారు. ఆమెది ఇల్లాలి తెలివి అని ఉపనిషత్తు అన్న ఒక్క మాటను పట్టుకుని, మోక్షం తెలియని మనిషి అని తీసిపారేస్తారు. నాకు ఆమె మీద గౌరవం. ఆ వెయ్యి ఆవులకు మేత వేసింది, శిష్యులకు అన్నం పెట్టింది ఎవరనుకోవాలి? భర్త వెళ్లిపోయాక ఆ ఇల్లు నిలబడాలి. ఆమెకు ఆస్తి కావాలనుకోవడం తక్కువ కోరికేమీ కాదు. మైత్రేయికి బోధించిన సత్యం ఎంత పెద్దదో, కాత్యాయని వాటా తేల్చాలన్న సంకల్పం కూడా అంత పెద్దదే. ఆమెకు తేల్చకుండా వెళ్లేవాడి నోట అమృతత్వం మాట నిలవదు.

ఇక ఆ బోధ సంగతి. భర్త మీద ప్రేమ భర్త కోసం కాదు, బిడ్డల మీద ప్రేమ బిడ్డల కోసం కాదు, ధనం మీద ప్రేమ ధనం కోసం కాదు, అన్నీ ఆత్మ కోసమే ప్రియమవుతున్నాయని యాజ్ఞవల్క్యుడు చెప్పాడు. దీన్ని స్వార్థ సూత్రంగా చదివేవాళ్లున్నారు. పంపకం నడుస్తున్న ఇంట్లో నిలబడి చదివితే వేరే అర్థం తోస్తుంది. పొలం మీద పోట్లాడుతున్న అన్నదమ్ముల్ని గమనించండి. సెంటు భూమి ధర కంటే కోర్టు ఖర్చు ఎక్కువని వాళ్లకు తెలుసు. వాళ్లు అడుగుతున్నది భూమిని కాదు. నాన్నకు నేను ఎంత? మా అమ్మ ఆ ఇంట్లో ఎంత? ఆ ప్రశ్నకు జవాబు సెంట్లలో దొరుకుతుందని నమ్ముతున్నారు. పెద్దామె కొడుకు గట్టు రాయి జరిపినప్పుడు ఆ రాయి కింద చనిపోయిన తల్లి ఉంటుంది. తనకు తన ఆత్మ మీదున్న ప్రేమే భూమి రూపం వేసుకుని వచ్చిందని తెలియకపోవడమే అక్కడి అవిద్య. నీళ్లలో కరిగిన ఉప్పును మళ్లీ చేత్తో ఏరలేం, ఎక్కడ తీసి రుచి చూసినా ఉప్పే అని ఋషి అదే సంభాషణలో చెప్పాడు. తండ్రి ప్రేమకూ అది వర్తిస్తుంది. అది వాటాలకు లొంగదు. కాబట్టి భూమిని మాత్రం తూకం తప్పకుండా పంచాలి. ప్రేమను పంచలేనివాడు భూమిలోనూ తేడా చేస్తే బిడ్డలకు ఇక ఏ ఆధారమూ మిగలదు.

వాల్మీకి రామాయణంలో దశరథుడి పాయసం పంపకం నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. కౌసల్యకు సగం. మిగిలినదాంట్లో సగం సుమిత్రకు. ఆ మిగిలినదాంట్లో సగం కైకేయికి. ఆఖరున ఉన్నది, కాస్త ఆలోచించి, మళ్లీ సుమిత్రకే. ఎనిమిది పాళ్లు అనుకుంటే నాలుగు, మూడు, ఒకటి. వ్యాఖ్యాతలు ఈ లెక్కను పలు విధాలుగా సమన్వయించారు. లెక్కను ఉన్నదున్నట్టు తీసుకుంటే, ప్రియమైన భార్యకు అతి చిన్న పాలు దక్కింది. ఆ చిన్న పాలు నుంచి పుట్టినవాడు భరతుడు. రాజ్యమంతా తన పేర వచ్చినప్పుడు, ఎవరూ అడగకుండానే, తనది కాదన్నాడు. పాదుకల్ని పెట్టుకుని పద్నాలుగేళ్లు నందిగ్రామం నుంచి అన్న సొత్తుకు కాపలాదారుగా పాలించాడు.

భీష్ముడి కథ దీనికి ఎదురుగా నిలుస్తుంది. సత్యవతి తండ్రి తన కూతురి బిడ్డలకే రాజ్యమని అడిగాడు. శంతనుడు నోరు విప్పి కొడుకును ఏమీ కోరలేదు, కానీ ఆయన దిగులు ఆ పని చేసింది. దేవవ్రతుడు సింహాసనం వదిలాడు. నీ బిడ్డల మాటేమిటని ఆ తండ్రి మళ్లీ అంటే పెళ్లీ వదిలాడు. మహాత్యాగమే, సందేహం లేదు. కానీ అడిగించుకున్న ఆ త్యాగం మీద కట్టిన ఇల్లు మూడు తరాలు తిరగకుండా కురుక్షేత్రానికి చేరింది. మారుమనువు చేసుకున్న తండ్రులు శంతనుడి మౌనాన్ని బాగా ఆలోచించాలి. పెద్ద కొడుకు అర్థం చేసుకుంటాడులే అని ఊరుకోవడం కూడా ఒక అడగడమే.

పంచకూడనివి కొన్ని ఉన్నాయని స్మృతులు చెప్పాయి. బావినీరు, దారి, వండిన అన్నం, ఇంకా యోగక్షేమం. ఈ యోగక్షేమాన్ని విజ్ఞానేశ్వరుడు యజ్ఞాలు, చెరువులు తవ్వించడం లాంటి పుణ్యకార్యాలుగా వివరించాడు. ఈ మాట చదివినప్పుడు కంభం చెరువు కళ్ల ముందు నిలుస్తుంది. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన ఆ కట్టను గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల భార్యల్లో ఒకరైన వరదరాజమ్మ వేయించిందని ఇక్కడ చెప్పుకుంటారు. భర్త ఆదరణకు దూరమై ఇక్కడే ఉండిపోయి, తన సొమ్ము చెరువుకు పెట్టిందని కథ. కథలో చరిత్ర ఎంతో పండితులు తేలుస్తారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తించిన ఆ చెరువు కింద వరి ఇప్పటికీ పండుతోంది. సవతుల మధ్య తన స్థానం కోసం కొట్లాడగలిగిన ఒక స్త్రీ, పంపకానికి లొంగని ఆస్తిని ఎంచుకుందని ఈ సీమ జనం నమ్మి, తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. ఆమెను అలా చేయమని ఎవరూ ఒత్తిడి చేసినట్టు కథ చెప్పదు.

మిగిలింది గొడ్లకు నీళ్లు పెడుతున్న ఆ బిడ్డ. చట్టం దృష్టిలో అతడు సవతి తండ్రికి వారసుడు కాడు. చట్టం ఎక్కడో గీత గీయాలి, రక్తం దగ్గర గీసింది. కానీ బిడ్డలు ప్రియమయ్యేది ఆత్మ కోసమేనని ఒప్పుకున్న మనిషికి ఆ గీత చాలదు. నాన్నా అని పిలిపించుకుని, చేను కాపలా కాయించి, చివరికి చట్టం చెప్పలేదు కదా అని తప్పుకోవడానికి ఆ తండ్రికి వీలులేదు. ఉమ్మడిలో తనకు వచ్చే భాగాన్నీ స్వార్జితాన్నీ వీలునామా రాసే హక్కు 1956 చట్టమే ఇచ్చింది. ఇద్దరు సాక్షులు సంతకం పెడితే అది చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, మార్కాపురంలోనో గిద్దలూరులోనో రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి చేయిస్తే తర్వాత తగవు తగ్గుతుంది. ఆ పని ఒంట్లో ఓపిక ఉండగానే చేయాలి, పెద్దామె కొడుకుల్ని ఎదుట కూర్చోబెట్టుకుని, వీడికి ఇంత ఇస్తున్నాను, ఎందుకంటే ఇది, అని వాళ్లకు నోటితో చెప్పి మరీ చేయాలి.