ఇంపును మంచియు

ఆంగ్లేయులు దినమునకు పలుమారు పలుకు 'నైసు' అను విశేషణమునకు మూలము లాటినులోని 'నెస్కియుస్'. ఎరుగనివాడని దాని యర్థము. 1300 ప్రాంతమున ఆంగ్లమున ప్రవేశించినపు డది 'తెలివిమాలిన' యను నిందావాచకము. పిదప 'సూక్ష్మమైన' యను నర్థమును పొంది, 18వ శతాబ్దమున 'ఇంపైన' యను ప్రశంస యయ్యెను. జేన్ ఆస్టిన్ మరణానంతరము, 1817 డిసెంబరులో వెలువడిన 'నార్తాంగర్ ఆబీ' నవలలో, ప్రతివస్తువునకును ఈ యొక్క మెప్పే చాలుననుటపై పరిహాసము కలదు.

అయినను ఇది పరిహాసముతో పోవునది కాదు. ఇంపైనవాడెల్ల మంచివాడు కాడు. అన్యాయమును చూచియు, ఎవరి మనస్సును నొప్పింపక యూరకుండువాడు 'నైసు' అనిపించుకొనును. సత్యము పలికినవా డా బిరుదమును కోల్పోవును. మన యిండ్లలోను నేడీ మాట వినబడుచున్నది. బిడ్డల నీ మాటతో మెచ్చుకొనుటకు ముందు, వారు చేసినది మన కింపైన పనియా, మంచిపనియా యని విచారింపవలదా?