యుద్ధపాపం, పాపవిమోచనం: ఉక్రెయిన్ సైనిక చరిత్రలో ఒక ధర్మసందేహం

న్యాయమైన యుద్ధంలో శత్రువును చంపినవాడికి పాపం అంటుతుందా, అంటితే దానికి విమోచనం ఎవరు, ఎప్పుడు ఇవ్వాలి అన్న ప్రశ్న ఉక్రెయిన్ సైనిక చరిత్రలో పదో శతాబ్దం నుంచి నేటి దాకా ఏదో ఒక రూపంలో తలెత్తుతూనే ఉంది. పాశ్చాత్య క్రైస్తవం సెయింట్ ఆగస్టీన్ నాటి నుంచి ఏ కారణంతో, ఎవరి అనుమతితో, ఏ పద్ధతిలో చేసే యుద్ధం నిర్దోషమో తేల్చే ‘న్యాయయుద్ధ’ సిద్ధాంతాన్ని క్రమంగా కట్టుకుంటూ వచ్చింది. కీవ్‌కు క్రైస్తవాన్ని అందించిన బైజాంటియం, అంటే కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా వెలసిన తూర్పు రోమన్ సామ్రాజ్యం, అంత పకడ్బందీ సిద్ధాంతం జోలికి పోలేదు. అక్కడి ఆర్థడాక్స్ చర్చి నాలుగో శతాబ్దంలో కైసరియా బిషప్ బాసిల్ రాసిన ఒక చిన్న నియమంతోనే నెట్టుకొచ్చింది. యుద్ధంలో జరిగే వధను పూర్వులు హత్యగా లెక్కించలేదని ఒప్పుకుంటూనే, ఆ చేతులు శుభ్రమైనవి కావు గనుక అలాంటివారు మూడేళ్లపాటు దివ్యసత్ప్రసాదానికి, అంటే క్రీస్తు శరీర రక్తాలుగా భావించి స్వీకరించే రొట్టె ద్రాక్షారసాలకు, దూరంగా ఉండటం మంచిదేమోనని బాసిల్ సలహా ఇచ్చాడు. సాక్షాత్తు కృష్ణుడే ధర్మయుద్ధమని చెప్పి చేయించిన కురుక్షేత్రం తర్వాత కూడా ధర్మరాజుకు బంధువధ పాతకం వదలక అశ్వమేధం చేయవలసి వచ్చిందని ఎరిగిన తెలుగు పాఠకుడికి ఈ వైఖరిలో వింత ఏమీ కనిపించదు. యుద్ధం తప్పనిసరి కావచ్చు, యోధుడు మాత్రం దానివల్ల పవిత్రుడు కాడు.

ఈ నియమం కాగితానికే పరిమితం కాలేదు. పదో శతాబ్దంలో చక్రవర్తి నికెఫోరస్ ఫోకాస్ తన యుద్ధాల్లో మరణించిన సైనికులను వేదసాక్షులుగా, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన పునీతులుగా ప్రకటించమని కోరినప్పుడు, పాట్రియార్క్ పొలియూక్టస్ (పాట్రియార్క్ అంటే ప్రాచీన మహాపీఠాలలో ఒకదానికి అధిపతి అయిన బిషప్) బాసిల్ నియమాన్నే చూపించి తిరస్కరించాడు. బల్గేరియా మీద దండెత్తమని కీవ్ ప్రభువు స్వియాతోస్లావ్‌కు 1500 పౌండ్ల బంగారం పంపినవాడు కూడా ఈ చక్రవర్తేనని చరిత్రకారుడు లియో డీకన్ రాశాడు. కీవ్ ఖడ్గాన్ని కొనడానికి చక్రవర్తికి బంగారం సరిపోయింది గాని, తన సైనికులకు పునీతత్వం సంపాదించిపెట్టడం అతని వల్ల కాలేదు.

స్వియాతోస్లావ్ కుమారుడు వొలొదిమిర్ 988లో బాప్తిస్మం పొందాడు. ఆ తర్వాత పాపభయంతో దొంగలకు మరణశిక్ష వేయడం మానేశాడనీ, దుష్టులను శిక్షించడానికే దేవుడు రాజును నియమించాడని, విచారించి శిక్షించాలని బిషప్పులే అతనికి నచ్చజెప్పారనీ కీవ్ ప్రాచీన వృత్తాంత గ్రంథం చెబుతుంది. కథ అక్కడితో ఆగదు. యుద్ధాలు ఎక్కువయ్యాయి గనుక ఉరికి బదులు జరిమానా వసూలు చేస్తే గుర్రాలకూ ఆయుధాలకూ పనికొస్తుందని పెద్దలూ బిషప్పులూ మళ్లీ చెప్పగా రాజు సరేనన్నాడట. ప్రాణదండన పాపమా కాదా అన్న చర్చ చివరికి సైనిక బడ్జెట్ దగ్గర తేలడంలో వృత్తాంతకారుడికి ఏ ఇబ్బందీ కనిపించినట్టు లేదు.

ప్రశ్న అసలైన పదును సంతరించుకున్నది 17వ శతాబ్దంలో. ద్నీప్రో నది దిగువ మైదానాల్లో స్వతంత్రంగా జీవిస్తూ తమ నాయకుణ్ణి తామే ఎన్నుకునే సాయుధ సమాజంగా ఎదిగిన జపొరోజియా కొసాక్కులు అప్పటికి పోలండ్ రాజ్యంలో ఆర్థడాక్స్ మతానికి అండగా నిలిచారు. 1596 నాటి బ్రెస్ట్ ఒప్పందం ద్వారా అక్కడి ఆర్థడాక్స్ బిషప్పుల్లో అత్యధికులు పోపు అధికారాన్ని అంగీకరించడంతో ఆర్థడాక్స్ విశ్వాసులు దాదాపు నాయకులు లేనివారయ్యారు. ఆ కాలపు కొసాక్ నాయకుడు పెత్రో సహాయిదాచ్నీ 1616లో క్రిమియాలోని కఫా రేవుపట్నాన్ని పట్టుకొని బానిసలను విడిపించి పేరు పొందాడు. అదే సహాయిదాచ్నీ 1618లో కాథలిక్ పోలిష్ యువరాజు వ్లాదిస్లావ్ పక్షాన దాదాపు 20,000 మందితో ఆర్థడాక్స్ మాస్కో రాజ్యం మీదికి నడిచాడు. దారిలో లివ్నీ, యెలెత్స్ పట్టణాలు ధ్వంసమయ్యాయి, వాటిలో చచ్చినవారూ చంపినవారూ ఒకే విధంగా సిలువ గుర్తు వేసుకునేవారు.

రెండేళ్ల తర్వాత జెరూసలేం పాట్రియార్క్ థియోఫనెస్ మాస్కో నుంచి తిరిగి వెళుతూ కీవ్‌లో ఆగాడు. కొసాక్కుల రక్షణలో, రాజుకు తెలియకుండా, అతడు కొత్త మెట్రోపాలిటన్‌నూ (ప్రాంతీయ ప్రధాన బిషప్‌నూ) బిషప్పులనూ అభిషేకించి ఆర్థడాక్స్ పీఠాలకు మళ్లీ ప్రాణం పోశాడు. ఈ ఉపకారాన్నే చరిత్ర గ్రంథాలు ప్రధానంగా చెబుతాయి. దానికంటే గమనించదగిన సంగతి ఇంకొకటుంది: మాస్కో దండయాత్రలో క్రైస్తవ రక్తం చిందించిన దోషానికి కొసాక్కులు అతని దగ్గర విమోచనం కోరి పొందారు. గెలిచి వచ్చిన సైన్యమది, రాజుకు చేసిన సేవకు మెప్పు కూడా పొందింది, శిక్షించగలవాడెవడూ లేడు. అయినా రాజాజ్ఞ అనే సాకు తమను పూర్తిగా కాపాడదని అది ఒప్పుకుంది. సహాయిదాచ్నీ 1621లో ఖోతిన్ దగ్గర ఒట్టోమన్ సైన్యాన్ని నిలువరించిన యుద్ధంలో పోరాడి, గాయాల వల్ల 1622లో మరణిస్తూ, ఆస్తిలో భాగాన్ని కీవ్, లవీవ్ నగరాల్లోని ధార్మిక సంఘాల పాఠశాలలకు రాసి ఇచ్చాడు.

మూడు దశాబ్దాలు తిరగకుండానే ఇదే కార్యం తలకిందులుగా జరిగింది. 1648లో పోలండ్ మీద తిరుగుబాటు లేవదీసి వరుస విజయాలు సాధించిన బొహ్దాన్ ఖ్మెల్‌నిత్స్కీ 1649 ఆరంభంలో కీవ్‌లో ప్రవేశించినప్పుడు జెరూసలేం పాట్రియార్క్ పైసియోస్ ఎదురేగి స్వాగతం పలికాడు. పాపసంకీర్తనం, అంటే గురువు ఎదుట తన పాపాలను నోటితో చెప్పి ఒప్పుకునే సంస్కారం, లేకుండానే జరిగిన పాపాలకూ జరగబోయే పాపాలకూ పాట్రియార్క్ అతనికి విమోచనం ఇచ్చాడని, ఆ వెనువెంటనే సంధి మాటలకు వచ్చిన పోలిష్ రాయబార బృంద సభ్యుడు మియాస్కోవ్‌స్కీ తన దినచర్యలో నమోదు చేశాడు. శత్రువు రాసిన మాట గనుక కొంత వ్యంగ్యాన్ని తీసివేసి చదవాలి. అయినా ‘జరగబోయే’ అన్న మాటలో ఉన్న తేడా చిన్నది కాదు. జరిగిపోయిన హత్యకు ఇచ్చే క్షమ దాన్ని పాపంగానే ఉంచి పాపిని విడిపిస్తుంది. ముందుగా ఇచ్చే క్షమ పాపాన్నే పాపం కాకుండా చేసి కత్తికి అనుమతిపత్రం రాసిస్తుంది. 1620లో సైన్యం తలవంచి అడిగింది, 1649లో మతపీఠమే విజేతకు ఎదురు వెళ్లి ఇచ్చింది.

అప్పటికే ఆ తిరుగుబాటులో ఎంత రక్తం పారిందో నెమిరివ్ పట్టణం ఒక్కటి చాలు చెప్పడానికి. 1648 వేసవిలో అక్కడి కోటలో తలదాచుకున్న యూదులను కొసాక్కులు సామూహికంగా చంపారు. భూస్వాముల తరఫున పన్నులు వసూలు చేసే కౌలుదారులన్న కోపం కొందరి మీద ఉండవచ్చు గాని, చంపబడినవారిలో పిల్లలూ వృద్ధులూ ఉన్నారు. ఈ మారణకాండల్ని తప్పించుకున్న నాథన్ హనోవర్ 1653లో వెనిస్‌లో ప్రచురించిన హీబ్రూ గ్రంథం ఆ సమాజపు స్మృతిగ్రంథమైంది. ఒకే యుద్ధం ఉక్రెయిన్ జాతీయ స్మృతిలో విమోచనగానూ యూదు స్మృతిలో ప్రళయంగానూ మిగిలింది. ఈ రెండింటిలో ఒకదాన్నే చదివి రాసిన చరిత్ర ఎంత పాండిత్యంతో రాసినా సగం చరిత్రే.

పైసియోస్ తర్కానికి వారసులు లేకపోలేదు. 2022 సెప్టెంబరులో, ఉక్రెయిన్ మీద రష్యా పూర్తిస్థాయి దండయాత్ర మొదలైన ఏడు నెలలకు, మాస్కో పాట్రియార్క్ కిరిల్ తన ప్రసంగంలో సైనిక విధి నిర్వహణలో ప్రాణం అర్పించినవారి పాపాలన్నీ ఆ త్యాగంతో కడిగివేయబడతాయన్న అర్థం వచ్చేలా బోధించాడు. పొలియూక్టస్ తన చక్రవర్తికి కాదన్నదానికి సమీపమైన వరాన్ని వెయ్యేళ్ల తర్వాత అదే సంప్రదాయపు మరో పాట్రియార్క్ అడగకుండానే ఇచ్చాడు. అలాగని ఉక్రెయిన్ పక్షంలో ఈ ప్రలోభమే లేదనడం న్యాయం కాదు. ఆత్మరక్షణ యుద్ధం ఎంత న్యాయమైనదైనా చనిపోయిన ప్రతి యోధుణ్ణీ పునీతుడిగా చూపే భాష అక్కడా ఎదురవుతుంది.

ఆయుధం దించడమే మార్గమనే ధోరణి కూడా ఈ నేల మీద కనిపిస్తుంది. 1775లో రష్యా సామ్రాజ్ఞి కేథరిన్ సేనలు జపొరోజియా కొసాక్కుల ప్రధాన స్థావరమైన సిచ్‌ను చుట్టుముట్టినప్పుడు, క్రైస్తవ రక్తం చిందించవద్దని అక్కడి మతగురువు కోరాడని సంప్రదాయం చెబుతుంది. నాయకుడు పెత్రో కల్నిషెవ్‌స్కీ పోరాడకుండా లొంగిపోయాడు. ప్రతిఫలంగా శ్వేతసముద్రంలోని సొలొవ్కీ మఠంలో పాతికేళ్ల బందీ జీవితం దక్కింది. 1801లో విడుదలైనా అక్కడే ఉండిపోయి 1803లో చనిపోయాడు. సిచ్ కూలిన 14 ఏళ్లకు దాని పాత భూముల్లో, ఖోర్తిత్సియా ద్వీపంలో, మెన్నొనైట్లు వలసవచ్చి స్థిరపడ్డారు. ఏ పరిస్థితిలోనూ ఆయుధం పట్టరాదని నమ్మే ఈ ప్రొటెస్టెంట్ శాఖకు సైనిక సేవ నుంచి మినహాయింపు కూడా లభించింది. (దక్షిణ ఉక్రెయిన్ మెన్నొనైట్ గ్రామాల నుంచి బయలుదేరిన అబ్రహాం ఫ్రీజెన్ దంపతులు 1890లో నల్గొండ చేరారు, నేటి తెలంగాణ మెన్నొనైట్ బ్రెదరెన్ చర్చి తొలి చరిత్రలో ఆ రాక ఒక ఘట్టం.) రష్యా అంతర్యుద్ధంలో దోపిడీ మూకలు గ్రామాల మీద పడ్డప్పుడు 1918లో ఉక్రెయిన్ మెన్నొనైట్ల పెద్దల సభ ఆయుధం పట్టాలా వద్దా అన్నది వ్యక్తుల అంతరాత్మకు వదిలేసింది, కొందరు యువకులు తుపాకులు పట్టారు. ఆ తుపాకులు గ్రామాలను కాపాడలేకపోయాయి. ఆత్మరక్షణ దళం ఏర్పాటు చేసుకోవడం తప్పేనా అన్న వాదం ఆ సమాజంలో చాలాకాలం నడిచింది.

లవీవ్‌లో గ్రీక్ కాథలిక్ చర్చికి, అంటే పోపును అంగీకరిస్తూనే తూర్పు పూజావిధానం పాటించే చర్చికి, అధిపతిగా ఉన్న ఆంద్రేయ్ షెప్తిత్స్కీ విషయంలో ఈ చిక్కుముడి మరింత బిగిసింది. 1941లో సోవియట్ పాలన నుంచి విముక్తిగా భావించి జర్మన్ సేనకు స్వాగతం పలికిన ఈ మెట్రోపాలిటన్, యూదుల ఊచకోత చూసి, 1942 నవంబరులో ‘నరహత్య చేయకూడదు’ అనే శీర్షికతో విశ్వాసులకు లేఖ రాశాడు. రాజకీయ కారణంతో చేసే హత్య కూడా హత్యేనని, హంతకులకు చర్చి నుంచి బహిష్కారం తప్పదని అందులో హెచ్చరించాడు. తన మఠాల్లో యూదులకు, ముఖ్యంగా పిల్లలకు, ఆశ్రయమిచ్చాడు. అయితే 1943లో నాజీ ఎస్‌ఎస్ కింద గలీసియా డివిజన్ ఏర్పడినప్పుడు, అందులో చేరే ఉక్రెయిన్ యువకులకు పాపసంకీర్తనం వినేవారు ఉండాలని, ఆత్మిక గురువులను పంపడానికి అంగీకరించాడు. సంకీర్తనం వినే గురువు సైన్యంలో ఉండటం పాపాన్ని పాపంగా నిలబెట్టడమా, లేక ఆ సైన్యానికి ఆమోదం తెలపడమా అన్నది నేటికీ తెగలేదు. ఆయనను 2015లో వాటికన్ పూజనీయుడిగా ప్రకటించింది. యూదులను కాపాడిన ఇతర మతస్థులను గౌరవించే జెరూసలేంలోని యాద్ వాషెం సంస్థ ఆ పనిలో పాలుపంచుకున్న ఆయన తమ్ముడు క్లిమెంతీకి 1995లోనే గుర్తింపు ఇచ్చింది గాని, ఆంద్రేయ్ పేరు మీద వచ్చిన విజ్ఞప్తులను మాత్రం అంగీకరించలేదు.